వాడి తరఫున

మార్చి 3, మంగళవారం. ఉదయం 5.20

నిన్నటి ఉదయం రాసి పెట్టుకోవాలి. ఏమీ జరగని ఉదయం. అందుకే.

ఐదింటికి లేచాను. ప్రార్థన. తరువాత నీళ్లు కాచాను. తమ్ముడు అప్పటికే లేచి తెల్లకోటు ఇస్త్రీ చేసుకుంటున్నాడు. నలభై నాలుగేళ్లు వచ్చాయి, ఇప్పటికీ కాలర్ దగ్గర మొదలుపెట్టి మళ్లీ కాలర్ దగ్గరికే వస్తాడు. పై వాటాలో చెల్లెలు మొగుణ్ని లేపుతోంది. ఆ కేకే మా ఇంటి అలారం. ఏడున్నరకు నేనూ తమ్ముడూ బయల్దేరాం. నేను పాఠాలు చెప్పే, వాడు ల్యాబ్‌లో పనిచేసే ఆస్పత్రికి పదిహేను నిమిషాల నడక. దారిలో మాట్లాడుకోం.

గేటు దగ్గర సెక్యూరిటీ అతను కొత్తవాడు. ఏ డిపార్ట్‌మెంట్ సార్ అని తమ్ముణ్ని అడిగాడు. పాథాలజీ, సీనియర్ టెక్నీషియన్ అన్నాను నేను. క్యాంటీన్ కౌంటర్లో ఏమివ్వమంటారు అని అడిగారు. ఒక టీ, ఒక కాఫీ, కాఫీలో చక్కెర వద్దు అన్నాను నేను. లిఫ్ట్‌లో ఒక పీజీ అమ్మాయి, సార్, నా స్లైడ్లు ఎప్పటికవుతాయి అని వాణ్ని అడిగింది. పదకొండింటికి రామ్మా అన్నాను నేను.

కౌంటర్ దగ్గర వాడు ఒక్కసారి నోరు తెరిచాడు. నా వైపు చూసి మూసుకున్నాడు.

వాడికి నత్తి. చిన్నప్పటి నుంచీ. మా ఉదయాలన్నీ ఇలాగే ఉంటాయి.

మధ్యాహ్నం హెచ్‌ఓడీ పిలిచారు. యూనివర్సిటీ నుంచి ఆర్డర్ వచ్చింది. ప్రతి డిపార్ట్‌మెంట్‌లోనూ ఇన్‌క్లూజన్ కమిటీ వెయ్యాలి. గత పదేళ్లలో ఎవరిని తీసుకున్నాం, ఎవరిని వదిలేశాం, ఎందుకు వదిలేశాం, ఈ నెలలోపు రిపోర్టు పంపాలి. ఛైర్‌పర్సన్ మీరే అన్నారు. నేనెందుకు సార్ అన్నాను. మీకు శత్రువులు లేరు మేడం, పైగా ఈ డిపార్ట్‌మెంట్‌లో మీ చేతి మీదుగా కాకుండా ఎవరికీ ఉద్యోగం రాలేదు అని నవ్వారు. పొగడ్తగానే అన్నారు.

గది బయటికి వచ్చాక ఆ పొద్దుటి సంగతులన్నీ వరసగా గుర్తొచ్చాయి. క్యాంటీన్, గేటు, లిఫ్ట్. ఎందుకో నాకు తెలుసు. ఇవాళ అది రాయను.


మార్చి 5, గురువారం

కమిటీలో ఐదు పేర్లున్నాయి. పనిచేసేది నేనూ, హెడ్ క్లర్కూ.

సెలక్షన్ ఫైళ్లు పద్నాలుగు. మా ఇంటర్వ్యూ పద్ధతి ఇది. మైక్రోస్కోప్ కింద ఒక స్లైడు పెడతాం. అభ్యర్థి చూసి, ఐదు నిమిషాలు మాట్లాడాలి. బల్ల మీద గంట ఉంటుంది. పన్నెండేళ్లుగా ఆ గంట కొట్టేది నేనే. పిల్లలు చాటుగా నన్ను గంటమ్మ అంటారు. నాకు తెలుసని వాళ్లకు తెలియదు. ఒకరకంగా గర్వపడ్డాను కూడా. అందరికీ ఒకే స్లైడు, ఒకే ఐదు నిమిషాలు, ఒకే గంట. డైరెక్టర్‌గారి మేనకోడలికైనా సరే.

తొమ్మిదో ఫైలులో ఒక మార్కుల కాగితం. ఐదేళ్ల కిందటిది, అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకి. దస్తూరీ నాది. సబ్జెక్టు ఉంది, కమ్యూనికేషన్ లేదు, డయాగ్నసిస్ తప్పు. పదికి మూడు.

ఆ అమ్మాయి గుర్తుంది. తనకూ నత్తే. మాట అడ్డుపడి మెడ నరాలు పొంగాయి. చూడలేక, సరేనమ్మా చాలు కూర్చో అన్నాను. జాలిపడ్డాననుకున్నాను.

వదిలేసినవాళ్ల మాట కూడా వినాలని ఆర్డర్లో ఉంది, పిలిపిద్దామా మేడం అన్నాడు హెడ్ క్లర్క్. పిలిపించమన్నాను.


మార్చి 6, శుక్రవారం

ప్రార్థన కుదరలేదు.


మార్చి 9, సోమవారం

ట్యూటర్ పోస్టుకి నోటిఫికేషన్ వచ్చింది. ఎమ్మెస్సీ, ల్యాబ్‌లో పదేళ్ల అనుభవం, నలభై ఐదు దాటని వయసు. ఆఖరు తేదీ ఇరవై ఏడు.

హెడ్ క్లర్క్ ఆ కాగితం పట్టుకుని నా గదికే వచ్చాడు. అచ్చం మీ తమ్ముడుగారి కొలతలు తీసుకుని కుట్టినట్టుంది మేడం అన్నాడు. నవ్వాను. ఈసారి దాటితే ఇక వయసు సరిపోదు కదా అన్నాడు. అవునన్నాను.

వెళ్లబోతూ ఆగాడు. తొమ్మిదేళ్ల కిందట ఇదే పోస్టుకి ఆయన అప్లై చేశారుగా, స్క్రూటినీలో పోయిందని అందరం బాధపడ్డాం, రిపోర్టులో కారణం రాద్దామని రిజిస్టర్ తీశాను, అసలు ఎంట్రీనే లేదు మేడం, మా రిజిస్టర్లో చీమ దూరినా ఎంట్రీ ఉంటుంది అన్నాడు.

నాకు గుర్తు లేదన్నాను. అడగకుండానే, అప్పుడు నేను సెలవులో ఉన్నానేమో అని కూడా అన్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే.

అతను ఒక క్షణం ఎక్కువ చూశాడు. తరువాత టీ తెప్పించనా మేడం అన్నాడు.


మార్చి 10, మంగళవారం. ఉదయం 5.00

రాస్తాను.

తొమ్మిదేళ్ల కిందట వాడు ఆ అప్లికేషన్ మూడు రోజులు కూర్చుని నింపాడు. ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు చదివి ఎమ్మెస్సీ పాసై అప్పటికి ఏడాది. ఆఫీసు వైపు వెళ్తున్నావుగా, ఇచ్చెయ్ అన్నట్టు నా చేతిలో పెట్టాడు. పెట్టి, ఏదో అనబోయాడు. ఇస్తాలే, నువ్వు వెళ్లు అన్నాను.

ఇవ్వలేదు.

ప్యానెల్‌లో నేనుంటాను. ఆ గది కళ్లముందు కనిపించింది. మైక్రోస్కోప్ ముందు వాడు. మొదటి మాట దగ్గరే ఆగిపోయిన నోరు. నవ్వు ఆపుకుంటున్న పక్క కుర్చీ. గంట మీద నా వేలు. ప్యానెల్ నుంచి నేను తప్పుకుంటే సరిపోయేది. ఆ ఆలోచన అప్పుడు రాలేదు. రాలేదా, నేను రానివ్వలేదా. కాగితం రెండు రోజులు నా సంచిలో ఉంది. ఆఖరు తేదీ దాటిపోయింది.

స్క్రూటినీలో పోయిందిరా, టీచింగ్ అనుభవం లేదన్నారట అని చెప్పాను. తల ఊపాడు. ల్యాబ్‌కి వెళ్లిపోయాడు. సాయంత్రం వచ్చి, నీ కళ్లు ఎర్రగా ఉన్నాయి, పడుకో అని సైగ చేశాడు. నాకు.

ఆ అప్లికేషన్ ఇంకా బీరువాలో ఉంది, అడుగున పరిచిన కాగితం కింద. ఎందుకు చింపలేదో తెలియదు.

వాడికి ఆరేళ్లప్పుడు బళ్లో పేరు అడిగితే చెప్పలేకపోయాడు. గుమ్మంలో నిలబడ్డ నేను చెప్పాను. క్లాసంతా నవ్వింది. ఇంటికొచ్చాక అమ్మ, పెద్దదానివి, వాడి నోరు నువ్వేనే అంది. నాకు పద్దెనిమిదేళ్లు. ఆ మాట వరంలా తీసుకున్నాను.

అమ్మ మీదకు నెట్టడానికి రాయలేదు ఇది. నెట్టాననే అనిపిస్తోంది.


మార్చి 13, శుక్రవారం

ఆ అమ్మాయి వచ్చింది. ఇప్పుడొక డయాగ్నస్టిక్ సెంటర్లో పనిచేస్తోందట, గదిలో ఒక్కతే. స్లైడ్లు నన్ను తొందరపెట్టవు మేడం అంది. ఆ ఒక్క మాటకి చాలాసేపు పట్టింది. హెడ్ క్లర్క్ పెన్ను పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. అతను అంత ఓపికమంతుడని నాకు ఇరవై ఏళ్లుగా తెలియదు.

గంట వల్ల ఇబ్బందైందా అని అడిగాను. లేదంది. గంట మోగేదాకా మీరు నన్ను ఉంచలేదు మేడం అంది. గోడ గడియారం నేను చూస్తూనే ఉన్నాను, ఇంకా రెండు నిమిషాల నలభై సెకన్లు ఉన్నాయి అంది.

తరువాత చెప్పింది. ఆ రోజు పెట్టింది రొమ్ము గడ్డ స్లైడు. చూడగానే క్యాన్సర్ అనిపిస్తుంది, కానీ కాదు. తను మొదటి సగం చెప్పింది. ‘కానీ’ అన్న మాట దగ్గర ఆగిపోయింది. ఆ ఆగినచోట నేను అందుకున్నాను. క్యాన్సర్ అంటావు, అంతేగా, సరేనమ్మా చాలు కూర్చో అన్నాను. పక్కనున్న ఇద్దరూ డయాగ్నసిస్ తప్పు అని రాసుకున్నారు. నేనూ రాశాను.

నా ముఖంలో కోపం లేదట, చాలా దయగా నవ్వానట. అందుకే ఎదురు చెప్పలేకపోయాను మేడం, తిట్టి ఉంటే చెప్పేదాన్ని అంది.

నేను క్షమించమన్నాను. ఫర్వాలేదని అనలేదు. ఆ మాట అనకపోవడం నాకు నచ్చింది.

లేస్తూ, ఆ రోజు స్లైడు ఎవరు చేశారు మేడం, అంత శుభ్రంగా ఉంది కాబట్టే అది క్యాన్సర్ కాదని అంత ధైర్యంగా తెలిసింది నాకు అంది.

మా తమ్ముడు అన్నాను.


మార్చి 14, శనివారం

గంటను సొరుగులో పెట్టేశాను. సొరుగు మూస్తుంటే మోగింది.


మార్చి 16, సోమవారం

పొద్దున్న డాబా మీద బట్టలు ఆరేస్తూ చెల్లెలికి చెప్పాను. అప్లికేషన్ సంగతి, ఆ అమ్మాయి సంగతి.

చెల్లెలు లెక్కల టీచరు. మధ్యలో ఆపదు, చివర్లో మార్కులేస్తుంది. చేతిలో దుప్పటి బకెట్లో పడేసింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు, నువ్వు అడక్కముందే పెట్టేశావు, తీరా వాడు నోరు తెరిచి ఒకటి అడిగితే దాచిపెట్టేశావు, భలే అక్కవే అంది.

వాడు అవమానపడతాడని అన్నాను. వాడు పడతాడనా, నువ్వు చూడలేవనా, సరిగ్గా చెప్పు, స్టెప్పులు దాటేస్తే మార్కులు పడవు అంది.

చూడలేనని అన్నాను.

వాడి నోరు నువ్వే అని అమ్మ అన్నప్పుడు వాడికి పాలపళ్లు అక్కా, ఇప్పుడు గడ్డం నెరిసింది అంది. తరువాత గొంతు తగ్గించి, నేనూ వాణ్ని ఏమీ అడగడం మానేశాను, నీ ముఖం చూసే జవాబు తెలుసుకుంటాను, నా మార్కులూ కొట్టెయ్ అంది. అంతలోనే గొంతు మళ్లీ లేచింది. దేవుడికి చెప్పుకున్నావు, పుస్తకంలో రాసుకున్నావు, నాకు చెప్పావు, వాడు క్యూలో నాలుగోవాడా అంది.

మరిది మెట్ల మీద నిలబడి అంతా విన్నాడు. వదినా, ఇంట్లో నా తరఫున మాట్లాడేవాళ్లు ఒక్కరూ లేరు, మీ తమ్ముడి చోటు ఖాళీ అయితే నాకు చెప్పండి అన్నాడు. చెల్లెలు తడి తువ్వాలు విసిరింది.

నవ్వొచ్చింది. తరువాత ఏడుపు వచ్చింది. ముగ్గురం కలిసి దుప్పటి పిండాం.


మార్చి 18, బుధవారం. ఉదయం 9.40

చెప్పాను. ల్యాబ్‌లో, ఎనిమిదింటికి, ఇంకెవరూ రాకముందు.

వాడు కణజాలాన్ని పల్చగా కోసే మైక్రోటోమ్ దగ్గర ఉన్నాడు. మైనపు దిమ్మ నుంచి రిబ్బన్ వస్తోంది, ఒకదాని వెనక ఒకటి, ఉల్లిపొర కన్నా పల్చగా. బీరువాలోని అప్లికేషన్ తీసి బల్ల మీద పెట్టాను. నిలబడే చెప్పాను, మొదట్నుంచీ. చక్రం తిప్పడం ఆపలేదు. రిబ్బన్ పూర్తయ్యాక, బ్రష్‌తో ఎత్తి, వేడినీళ్ల మీద పరిచాడు. అప్పుడు తిరిగాడు.

ఏదో అడగబోయాడు. మొదటి మాట రాలేదు. రెండో మాటకల్లా వాడేం అడుగుతున్నాడో నాకు తెలిసిపోయింది. నాలుక పళ్ల మధ్య పెట్టి నిలబడ్డాను. నా జీవితంలో అంత పొడుగు నిమిషం లేదు. రోజూ ఇలాంటి నిమిషాలు దాటుతూ వచ్చింది వాడు.

ఇంకేమైనా ఉన్నాయా అని అడిగాడు.

ఒకటుందన్నాను. ఆరేళ్ల కిందట పీజీలు హెచ్‌ఓడీకి ఉత్తరం రాశారు, స్లైడ్ల తయారీ మీద నీతో క్లాసులు పెట్టించమని. ఆయన నన్ను అడిగారు. వాడు ఇబ్బందిపడతాడు సార్, వదిలేయండి అన్నాను. నీకు చెప్పలేదు.

పోస్టు గురించి వాడు ఒక్క మాట అడగలేదు. పిల్లలు అడిగారా అన్నాడు. ఎంతమంది అన్నాడు. పదకొండు సంతకాలు అన్నాను. పదకొండా అన్నాడు. అది మాత్రం తడబడకుండా వచ్చింది.

అప్పటికి నీళ్లలో రిబ్బన్ మరీ విచ్చుకుని చెదిరిపోయింది. వాడి చేతిలో అలా పాడవడం ఇరవై ఏళ్లలో చూడలేదు. దిమ్మ మళ్లీ బిగించాడు. వెళ్లమన్నట్టు తలుపు వైపు చూశాడు.


మార్చి 19, గురువారం

ఏడింటికే ఒక్కడూ వెళ్లిపోయాడు. కోటు ఇస్త్రీ చేసుకోలేదు.


మార్చి 20, శుక్రవారం

రిపోర్టు రాశాను. ఆ అమ్మాయి సంగతి రెండో పేజీలో, పేరు వద్దంది కాబట్టి పేరు లేకుండా. తమ్ముడి సంగతి మూడో పేజీలో. రాశాక తట్టింది, ఇదీ వాణ్ని అడక్కుండానే రాశానని. పద్ధతి మారలేదు, కాగితం మారింది.

మూడో పేజీ వాడి మంచం మీద పెట్టి, దీన్ని పంపవచ్చా అని చీటీ రాశాను.

సాయంత్రం పేజీ నా బల్ల మీద ఉంది. అంతా అలాగే ఉంచాడు. ఒక్క మాట పెన్సిల్‌తో కొట్టేశాడు. నేను రాసిన ‘అమాయకుడు’ అన్న మాట.


మార్చి 21, శనివారం

హెచ్‌ఓడీ మూడో పేజీ రెండుసార్లు చదివారు. కళ్లద్దాలు తీశారు. ఇంటి గుట్టు యూనివర్సిటీకి ఎందుకు మేడం, కమ్యూనికేషన్ మార్కుల విధానం మెరుగుపడాలి అని ఒక్క లైను రాయండి, నేనూ సంతకం పెడతాను, అందరికీ గౌరవంగా ఉంటుంది అన్నారు.

గుట్టు నాది సార్, ఇల్లు డిపార్ట్‌మెంట్‌ది అన్నాను.

ఎంక్వైరీ వేస్తారు, మీకింకా సర్వీసు ఉంది అన్నారు. తెలుసన్నాను. మీరు ప్రార్థనాపరులు, ఒకసారి ప్రశాంతంగా కూర్చుని ఆలోచించండి అన్నారు. కూర్చునే రాశాను సార్ అన్నాను.

నాలుగో పేజీలో మూడు సూచనలున్నాయి. అభ్యర్థి ఎంత సమయం కావాలో ముందే చెప్పవచ్చు. చెప్పదలచింది రాసి ఇవ్వవచ్చు. అభ్యర్థి ముగించానని చెప్పేదాకా ప్యానెల్ నోరు తెరవకూడదు. మూడోది చదివి ఆయన, ఇది అందరికన్నా మీకే కష్టం మేడం అన్నారు. అవునన్నాను.

ఇక మీదట ఏ ప్యానెల్‌లోనూ కూర్చోనని వేరే ఉత్తరం ఇచ్చాను. రెండూ తీసుకున్నారు. పంపుతారో లేదో చెప్పలేదు. నేను గది బయటికి రాగానే హెడ్ క్లర్క్, మేడం, కాపీ నా దగ్గరుంది, ఎంట్రీ కూడా వేశాను అన్నాడు.


మార్చి 22, ఆదివారం

వాడు అప్లై చేస్తాడో లేదో తెలియదు. ఇంకా ఐదు రోజులు. కొత్త ఫారం వాడి బల్ల మీద ఉంది, ఖాళీగా. తలుపు తెరిచి ఉంటే కనిపించింది. లేదు, నేనే తొంగి చూశాను.

ఎన్ని వాక్యాలు అందుకున్నానో లెక్క కట్టబోయాను. ఎన్ని సరిగ్గా అందుకున్నానో నాకేం తెలుసు. ఆ అమ్మాయి చెప్పేదాకా అదీ తప్పని తెలియదు కదా. కాఫీలో చక్కెర వద్దని ఇన్నేళ్లూ చెప్తున్నాను. వాడెప్పుడు అన్నాడది?


మార్చి 23, సోమవారం

అడిగాను. చక్కెర కావాలట. రెండు చెంచాలు.


మార్చి 25, బుధవారం. సాయంత్రం 7.15

వాడే పిలిచాడు అందరినీ. వంటింటి బల్ల చుట్టూ నలుగురం.

నిర్ణయమైనవి ఇవి. వాడు అప్లై చేస్తాడు. ఫారం రేపు వాడే వెళ్లి ఇస్తాడు. ఫారం అడగకపోయినా, ఎంత సమయం కావాలో చివర వాడే చేర్చి, పావుగంట అని రాశాడు. చెల్లెలు అరగంట రాయమంది, వద్దన్నాడు. ఇంటర్వ్యూ రోజు చెల్లెలు సెలవు పెట్టి వెంట వెళ్తుంది, నోరు విప్పనని మరిది మీద ఒట్టేసింది. నా మీద ఒట్టు దానికి చాలా తేలిక అన్నాడు మరిది. నేను ఆ రోజు ఆ భవనం మెట్లెక్కకూడదు. పోస్టు రాకపోతే, పీజీల క్లాసులు తనకివ్వమని వాడే హెచ్‌ఓడీని అడుగుతాడు. ఇంటర్వ్యూ ఎలా జరిగిందో వాడికి చెప్పాలనిపించినప్పుడు చెప్తాడు. అంతదాకా నేను అడగకూడదు.

అన్నిటికీ సరేనన్నాను. నీకోసం ప్రార్థన చేస్తాలేరా అని లేచాను.

చెయ్యెత్తి ఆపాడు. మాట రావడానికి చాలాసేపు పట్టింది. ఎవరమూ కదల్లేదు.

దేవుడి దగ్గర కూడా నా తరఫున మాట్లాడకక్కా అన్నాడు.

ముగ్గురూ నా వైపు చూశారు. సరేనన్నాను. అదీ ఖాయమైంది.